తెల్ల పంచె కింద ముగ్గురం

మా సాహితిని ఎల్‌కేజీలో వేసిన ఏడాది దాంతోపాటు నేను కూడా రోజూ బడికి వెళ్ళాను. అది బాలస్వామి రిక్షాలో వెళ్ళేది, నేను ఆ రిక్షా వెనకాల నడిచి వెళ్ళేదాన్ని. ముందు గుమ్మంలో నిలబడి పద్ధతిగా టాటా చెప్పేదాన్ని. రిక్షా మలుపు తిరగ్గానే తలుపుకి గొళ్ళెం పెట్టి, తాళం వేసి, పక్క సందులోంచి అడ్డంగా పరిగెత్తి, మెయిన్ రోడ్డు మీద దాన్ని అందుకునేదాన్ని. రోడ్డు ఎత్తుగా ఉన్నచోట బాలస్వామి దిగి రిక్షాని నెట్టుకుంటూ నడిచేవాడు. అక్కడ మాత్రం నేను కాసేపు ఆగాల్సి వచ్చేది, లేకపోతే వాళ్ళకన్నా ముందు నేనే బడికి చేరిపోయేదాన్ని.

జగ్గయ్యపేటలో ఆ రోడ్డు మీద సిమెంటు లారీలు తిరుగుతాయి. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో నింపుకుని హైవే ఎక్కడానికి ఊళ్ళోంచే పోతాయి. ఆ లారీలకీ రిక్షాకీ మధ్య నేను నడుస్తూ ఉంటే ఏమీ జరగదని నా ధైర్యం. నిజంగా లారీ మీదికొస్తే నేనేం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు. చెయ్యి అడ్డం పెట్టేదాన్నేమో. మా ఆయన కిషోర్‌బాబు ఆ ఫ్యాక్టరీలోనే లోడింగ్ సూపర్‌వైజరు. అంటే నేను భయపడి చచ్చే లారీలన్నీ మా ఆయన దగ్గరుండి నింపి పంపించినవే.

ఇంత భయం ఊరికే రాలేదు. సాహితికి ఏడాదిన్నర వయసులో ఒకసారి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. బెజవాడలో పిల్లల డాక్టరు చూసి, ఇవి జ్వరానికి వచ్చినవి, పెద్దయ్యాక రావు, భయం ఏమీ లేదన్నాడు. భయం లేదన్నది పిల్లకి. నా సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బడి దగ్గర గోడ బయట నిలబడితే ఎల్‌కేజీ గది కిటికీ కనపడుతుంది. సాహితి ఇటు తిరిగితే నేను వంగి చెప్పు సరిచేసుకునేదాన్ని. పిల్ల నన్ను చూడటం లేదనే అనుకున్నాను. ఆగస్టులో హెడ్‌మిస్ట్రెస్ పుష్పవతి టీచరు మా ఆయన్ని పిలిపించి చెప్పింది. పిల్లకి అమ్మ కనపడుతుంటే అమ్మ దగ్గరికి పోతానని కూర్చోదట, కనపడకపోతే అమ్మ ఎక్కడుందోనని కూర్చోదట. డబ్బాలో అన్నం ముట్టుకోదు. మిగతా పిల్లలు కూడా పాఠం మానేసి, సాహితి వాళ్ళమ్మ ఇవాళ ఎన్నిసార్లు వంగుతుందో చూస్తున్నారట.

ఈ మాట మా ఆయన నాతో చెప్పకుండా నందిగామకి ఫోన్ చేసి వాళ్ళమ్మతో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే అత్తయ్య బస్సు దిగారు.

మా అత్తయ్య ప్రమీలారాణి గురించి కాస్త చెప్పాలి. మామయ్య పోయినప్పటినుంచి నందిగామలో ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆ దుఃఖంలో ఉన్నప్పుడే తిరుపతిరావు గారనే గురువుగారి దగ్గర ఉపదేశం తీసుకున్నారు. ఆయన చెవిటికల్లులో వ్యవసాయం చేసుకునే మనిషే. కాషాయమూ గడ్డమూ ఏమీ ఉండవు. పౌర్ణమికి పౌర్ణమికి నందిగామ వచ్చి అత్తయ్య వాళ్ళింటి మేడ మీద హాల్లో కూర్చుంటారు. కావాలన్నవాళ్ళ చెవిలో మంత్రం చెప్పి వెళ్తారు. ఆ మంత్రం వచ్చాక అత్తయ్యని ఏదీ కదిలించలేదు. ఒకసారి మేం నందిగామలో ఉండగా కుక్కర్ పేలి పప్పు పైకప్పుకి అంటుకుంది. నేను పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. ఆవిడ జపం పూర్తి చేసుకుని వచ్చి, తలెత్తి చూసి, పప్పు బాగానే ఉడికింది కదా అన్నారు.

ఆ రోజు మా ఇంట్లో మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, సూటిగా అసలు విషయానికి వచ్చారు.

"దసరా సెలవుల దాకా చూస్తా గీతా. అప్పటికీ నువ్విట్టాగే ఉంటే పిల్లని నేను నందిగామ తీసుకెళ్ళి అక్కడ బడిలో వేస్తా. మా ఎదురిల్లే బడి. లేదంటావా, వచ్చి గురువుగారి దగ్గర ఉపదేశం తీసుకో. మనసు కుదుటపడితే నీ పిల్ల నీ దగ్గరే ఉంటుంది."

మా ఆయన వైపు చూశాను. ఆయన పేపర్లో పత్తి ధర చదువుతున్నాడు. మాకు పత్తి లేదు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. రెండో సంవత్సరం మధ్యలో సంబంధం వచ్చింది, పుస్తకాలు మా చెల్లెలికి వెళ్ళాయి. చదువు అలా సగంలో ఆగిపోయిన దగ్గర్నుంచీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, నాకు తెలుసు అనేస్తాను. ముందు అనేసి, తర్వాత తెలుసుకోవడానికి తంటాలు పడతాను.

"నాకు గురువు అక్కర్లేదు అత్తయ్యా. దేవుడు మన లోపలే ఉంటాడు. మధ్యలో ఇంకొకళ్ళెందుకు, నేనే వెతుక్కుంటా."

"లోపలున్నాడని నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో చదివా."

"అది రాసినాయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా చదువు."

ఆ పేజీలు నా దగ్గర లేవు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. లైబ్రరీలో ధ్యానం గురించి ఒక పుస్తకం దొరికింది నిజమే, కానీ పై అట్టా, మొదటి పేజీలూ ఎవరో చింపుకుపోయారు. ఎలా కూర్చోవాలో, ఎలా మొదలుపెట్టాలో వాటిలోనే ఉండి ఉంటుంది. నాకు దొరికిన భాగం 'ఇప్పుడు మనసు నిశ్చలమైంది కనుక' అనే మాటతో మొదలవుతుంది. నేను అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

ముందు శ్వాస. వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించమని ఉంది. ఇందులో నాకు మంచి అనుభవం ఉందనుకున్నాను, ఎందుకంటే సాహితి పడుకున్నప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం రెండున్నరేళ్ళుగా నా పనే. తీరా కూర్చుంటే, నా ఊపిరి చూడమంటే నా చెయ్యి పిల్ల ముక్కు దగ్గరికి పోయింది. అది చీదరించుకుని లేచి కూర్చుంది. సరేనని పిల్ల బడికి పోయాక, నేనూ బడి గోడ దగ్గరికి వెళ్ళొచ్చాక, మధ్యాహ్నం కూర్చున్నాను. మనసు కుదిరేకొద్దీ ఊపిరి సన్నబడుతుందని రాశారు. నిజంగానే సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయిందేమోనని గాభరాపడి గబగబా పీల్చుకున్నాను. పక్కింటి సుబ్బమ్మ గోడ మీంచి తొంగి చూసి, ఏమ్మా ఆయాసమా, మిరియాల కషాయం పెట్టనా అని అడిగింది.

తర్వాత సాక్షిగా ఉండటం. ఆలోచనలు వస్తుంటాయి, పోతుంటాయి, దారిన పోయే బళ్ళని చూసినట్టు ఊరికే చూడు, ఏ బండీ ఎక్కకు అని ఉంది. పుస్తకం రాసినాయన జగ్గయ్యపేటలో ఉండలేదు. దారిన పోయే బళ్ళు అని చదవగానే నా కళ్ళ ముందు పది టైర్ల లారీ వచ్చింది. దాని వెనకాల ఇంకోటి. ప్రతి లారీ కిందా ఒక్కసారి వంగి చూసుకుని గానీ నేను దాన్ని పోనివ్వలేదు. అరగంట ధ్యానం చేసి లేచేసరికి నడుం పట్టేసింది.

సోమవారం సోమవారం మౌనం పట్టాను. నా తరఫున సాహితి మాట్లాడేది. మా అమ్మకి కోపం వచ్చింది అని పాలబ్బాయితో ఒకసారి, మా అమ్మ గొంతు పోయింది అని సుబ్బమ్మతో ఒకసారి చెప్పింది. కషాయం ఆ రోజు నిజంగానే వచ్చింది, తాగాను. సాయంత్రం పిల్ల స్టూలెక్కి ఫ్యాను స్విచ్చి అందుకోబోతే వీధి చివరికి వినపడేలా అరిచాను. రోజంతా దాచుకున్న అరుపులన్నీ ఒక్కసారే వచ్చాయేమో. అది స్టూలు కదిలి కాదు, నా అరుపుకి పడింది. మోకాలు చెక్కుకుపోయింది.

ఈ సాధన అంతా చేస్తూనే రోజూ రిక్షా వెనకాల వెళ్తున్నాను. ఒకరోజు సాహితిని ఎక్కించుకుంటూ బాలస్వామి గొంతు తగ్గించి, "అమ్మగారూ, సందులో పిచ్చికుక్క తిరుగుతోందండి. ఇవాళ మీరు అటు రాకండి, పెద్ద వీధిలోంచే రండి" అన్నాడు. మూడు నెలలుగా ఎవరికీ తెలియకుండా వెళ్తున్నాననుకున్న దారి అది.

అప్పుడు ఏడుపొచ్చింది. దసరా దగ్గరపడింది. నా లోపల ఎవరున్నారో నాకు కనపడలేదు. పిల్లని పంపించేసి ఆ ఇంట్లో ఉండటం ఎలాగో ఊహకి అందలేదు. నందిగామకి ఫోన్ చేసి, వస్తున్నా అత్తయ్యా అన్నాను. ఆవిడ ఎందుకని కూడా అడగలేదు. పిల్లకి జలుబుగా ఉంది, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టకు అని మాత్రం అన్నారు.

దసరాకి ముందొచ్చిన పౌర్ణమి నాడు మేడ మీద హాలు నిండిపోయింది. ఎక్కువమంది ఆడవాళ్ళే. వీరులపాడు నుంచి కూడా వచ్చారు. గది మూలకి తెర కట్టారు. తెర వెనక గురువుగారు ఎత్తు పీట మీద, ఎదురుగా శిష్యురాలు మామూలు పీట మీద కూర్చోవాలి. ఇద్దరి తలల మీదా ఒక తెల్ల పంచె కప్పుతారు. మంత్రం బయటి గాలికి కూడా వినపడకూడదని ఆ ఏర్పాటు. తీసుకున్నవాళ్ళు దాన్ని ఇంకెవరికీ చెప్పకూడదు, మొగుడికైనా సరే. చెబితే దాని బలం పోతుంది. తీసుకునే ముందు ఒక కూరగాయ కూడా వదిలెయ్యాలి.

నా వంతు వచ్చింది. అత్తయ్య చేతులు చాచి పిల్లని ఇమ్మన్నారు. నిద్రపోతోంది, లేపితే ఏడుస్తుందన్నాను. అసలు సంగతేమిటంటే, మేడ మెట్లకి రెయిలింగు లేదు. తెర వెనక నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే మెట్ల దగ్గర పిల్లని ఎవరు పట్టుకుంటారు? అత్తయ్య పట్టుకుంటారని తెలుసు. అయినా ఇవ్వలేదు. గురువుగారు, పర్లేదులేమ్మా ఉండనివ్వండి అన్నారు.

ఏం వదులుతావని అడిగారు. ముందే అనుకుని వచ్చిన గొప్ప మాట ఒకటుంది నా దగ్గర. దిగులు వదిలేస్తానండీ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, దిగులు కాదమ్మా, కూరగాయ చెప్పు అన్నారు. పొట్లకాయ అన్నాను. పొట్లకాయ నేను పుట్టిన్నాటి నుంచీ తినలేదు.

పంచె కప్పారు. లోపల నీలగిరి తైలం వాసన. ఆయన నా కుడి చెవి దగ్గరికి వంగి మంత్రం మూడుసార్లు చెప్పి, ఇప్పుడు నువ్వు చెప్పమ్మా అన్నారు. మెల్లిగా చెప్పాను. మూడోసారి చెప్తుంటే నా ఒళ్ళోంచి వెచ్చని ఊపిరి ఒకటి నాతోపాటు కదిలినట్టు, నా గొంతులోంచి ఇంకో గొంతు వస్తున్నట్టు అనిపించింది. ఒళ్ళు జలదరించింది. ఇదేకాబోలు అనుభవం అనుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి.

జగ్గయ్యపేట వచ్చాక రెండు వారాలు శ్రద్ధగా జపం చేశాను. బడి గోడ దగ్గర నిలబడి చేశాను. అంతకుముందు ఊరికే నిలబడేదాన్ని, ఇప్పుడు పెదవులు కదిలిస్తూ నిలబడుతున్నాను, అంతే తేడా. సాహితి ఇటు తిరిగితే జపం ఆపి, చెప్పు సరిచేసుకుని, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

సెలవులిచ్చిన రోజు సాయంత్రం మా వీధి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ఒక పాట వినపడింది. గడిగడికీ ఒక మాట అంటూ గెంతుతున్నారు. పాట బాగుందే, ఎక్కడో విన్నానే అనుకున్నాను. పోపు మాడిపోయింది.

ఆ మాటలు ఇక్కడ రాయను. మా వీధిలో ఇప్పటికీ చాలామందికి నోటికి వచ్చు, అయినా నా చేత్తో రాయడానికి మనసొప్పదు. నేను బయటికి పరిగెత్తి సాహితిని చంకనేసుకుని లోపలికొచ్చాను. అది తన్నుకుంటూ, గాల్లో గెంతుతున్నట్టే, అదే పాట పాడింది. ఎక్కడ నేర్చుకున్నావే అంటే, పంచెలో అంది. నిద్రపోయావు కదే అంటే, ఉత్తుత్తి నిద్ర అంది. ఆ పాట పాడితే దేవుడు కళ్ళు పొడుస్తాడని బెదిరించాను. చాక్లెట్ ఆశ పెట్టాను. చాక్లెట్ తిన్నాక గొంతు ఇంకా బాగా లేచింది. బయట మిగిలిన పిల్లలు ఆట ఆపలేదు. సుబ్బమ్మ కూడా అంట్లు తోముతూ అదే కూనిరాగం తీస్తోంది.

మర్నాడు అత్తయ్య వచ్చారు. నేను మారలేదని మా ఆయన చెప్పే ఉంటాడు, ఖాళీ సంచి ఒకటి కూడా తెచ్చారు. ఆవిడ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా సాహితి అరుగు మీద ఒంటికాలి మీద గెంతుతూ మొదలుపెట్టింది.

అత్తయ్య ఒక చెప్పు విడిచి, రెండోది కాలికి ఉండగానే ఆగిపోయారు. నేను తిట్లకి సిద్ధపడి తల దించుకున్నాను. ఎంతకీ తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ మొహంలో రక్తం లేదు. కుక్కర్ పేలినప్పుడు చలించని మనిషి గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. నా తప్పుకి ఆవిడ మొహం అలా కావాల్సిన పనిలేదు. అప్పుడు నాకు అర్థమైంది.

లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు అడిగారు.

"నీకిచ్చింది ఇదేనా?"

"చెప్పకూడదు కదండీ అత్తయ్యా."

ఆవిడ తల ఊపారు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. నోట్లోకి వచ్చిన మాట ఆపుకోలేకపోయాను.

"మీకిచ్చింది కూడా..."

"చెప్పకూడదు" అన్నారు.

బయట తొక్కుడుబిళ్ళ సాగుతూనే ఉంది. పిల్లల్ని అరవొద్దని అనడానికి లేదు. అంటే అది మంత్రమని ఒప్పుకున్నట్టే.

సాయంత్రం ఆవిడే మెల్లిగా చెప్పారు. మామయ్య పోయిన నెలలో, అన్నం ముద్ద మింగుడుపడని రోజుల్లో, గురువుగారు తన మొహంలోకి అలా చూసి, చూసి, ఈ మంత్రం చెప్పారట. ఇంతమందిలో తనకి ఏది సరిపోతుందో ఆయనకి తెలిసిందని, ఇది తన ఒక్కదానికోసం తీసిచ్చారని ఇన్నేళ్ళూ అనుకున్నారట. ఆయన అలా అన్నారా అని అడిగాను. అనలేదు, నేనే అనుకున్నా అన్నారు. నాలో ఉన్న దుర్మార్గపు మనిషి ఒకత్తి సంతోషించాలి కదా, గురువు అక్కర్లేదని ముందే చెప్పాను కదా అనాలి కదా. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాక ఆ మనిషి ఎటు పోయిందో పోయింది.

పొద్దున్నే ముగ్గురం కంచికచర్ల బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో చెవిటికల్లు వెళ్ళాం. గురువుగారు వరండాలో మందు కొట్టే స్ప్రేయరు విప్పుకుని, గొట్టంలోకి ఊదుతూ కూర్చున్నారు. లేచి చేతులు కడుక్కుని వచ్చారు. అత్తయ్య నమస్కారం కూడా మరిచిపోయి నేరుగా అడిగేశారు. అందరికీ ఒకటే ఇస్తున్నారా అని.

"మా గురువుగారు నాకొక్కటే ఇచ్చారమ్మా. ఇంకోటి నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అన్నారు ఆయన. దాపరికం లేకుండా, పొలంలో ఒకే బోరు ఉందన్నట్టు చెప్పారు.

"మరి ఎవరికీ చెప్పొద్దన్నారే?"

"మా గురువుగారు చెప్పొద్దన్నారు, నేనూ చెప్పొద్దన్నా. ఎందుకని నేను అడగలా." కాసేపు ఆలోచించి, "అడగాల్సిందేమో" అన్నారు.

అత్తయ్యకి కోపమో, ఏడుపో, ఏదొస్తోందో నాకు తెలియలేదు. నేను సందు చూసుకుని నా గోడు చెప్పుకున్నాను. మంత్రం నా మీద పనిచేయడం లేదండీ, ఇంకా గట్టిది ఏదైనా ఉంటే ఇప్పించండి అన్నాను. ఎక్కడ కూర్చుని చేస్తున్నావని అడిగారు. బడి గోడ దగ్గర నిలబడి అని చెప్పాను. ఆయనకి నవ్వాగలేదు, నవ్వు దగ్గులోకి దిగింది, మంచినీళ్ళు తాగారు. "గట్టిది లేదమ్మా. ఉంటే మా ఆవిడకే ఇచ్చేవాణ్ణి. వాన పడితే పత్తి పోతుందని నాలుగు రోజుల్నుంచి నిద్రపోవట్లా" అన్నారు. లోపల్నుంచి ఆవిడ, వింటున్నా అంది.

సాహితి మాత్రం ఆయన ఒళ్ళో కూర్చుని పాట మొత్తం పాడి వినిపించింది. ఆయన ఒకచోట ఆపి, ఇక్కడ దీర్ఘం తియ్యాలమ్మా అని దిద్దారు.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చిల్లకల్లు దాటాక నా వైపు తిరిగారు.

"బడి తెరిచే రోజు దాకా నేనిక్కడే ఉంటా. ఆ పొద్దున రిక్షా కదిలాక నువ్వు గడప దాటావనుకో, పిల్ల నాతో నందిగామ వచ్చేస్తుంది. జపం చేస్తావో, నీ పుస్తకం చదువుతావో నీ ఇష్టం."

సెలవులన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ జపం చేయలేదు. పొద్దున్నే అలవాటుగా లేచి ఆవిడ ఊరికే కూర్చునేవారు. పెదవులు కదలబోయి ఆగిపోయేవి. నేను పుస్తకం తెరవలేదు. ఇద్దరం చింతపండు పిక్కలు తీశాం, కందులు బాగుచేశాం. ఏడాదికి సరిపడా పప్పు తయారైంది.

బడి తెరిచే రోజు వచ్చింది. అత్తయ్య నేను చూస్తుండగానే సాహితి గౌన్లు నాలుగు మడతపెట్టి సంచిలో సర్ది, ఆ సంచిని గుమ్మం పక్కన పెట్టారు. మా ఆయన ఆ రోజు కావాలనే మొదటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. బాలస్వామి గంట కొట్టాడు. సాహితి ఎక్కింది. మిగతా పిల్లలకి పాట నేర్పాలని దానికి తొందరగా ఉంది, నాకు టాటా చెప్పడం కూడా అత్తయ్య గుర్తుచేస్తే చెప్పింది.

రిక్షా మలుపు తిరిగింది. నా కాళ్ళు వాటంతటవే గొళ్ళెం వైపు కదిలాయి. గడప ఇవతల నిలబడి రెండు చేతులతో తలుపు రెక్క పట్టుకున్నాను. మంత్రం ఎత్తుకున్నాను. మొదటి మాట తర్వాత తొక్కుడుబిళ్ళ గడులు కనపడ్డాయి. ఊపిరి గమనించబోయాను. అది గమనించేంత దూరంలో లేదు, గొంతులోనే ఉంది. దూరంగా లారీ హారన్ వినపడింది. పొడుగ్గా, ఆగకుండా మోగింది.

"అదేంటది?" అన్నారెవరో. అత్తయ్యే.

నేను జవాబు చెప్పేలోపు ఆవిడ నన్ను పక్కకి తప్పించి గడప దాటారు. మెట్లు దిగారు. వీధి మలుపు దాకా వెళ్ళి తొంగి చూశారు. వెనక్కి వస్తారనుకున్నాను. కొంగు నడుముకి దోపుకుని, సందులోంచి అడ్డంగా వెళ్ళిపోయారు. ఆ సందు సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో.

నేను గడప దాటలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. పిల్ల వెనకాల ఒకళ్ళు వెళ్తున్నారు, ఇద్దరం వెళ్తే తలుపుకి తాళం వెయ్యాలి, తాళం చెవి మా ఆయన దగ్గర ఉండిపోయింది. అయినా నిలబడ్డాను. కాసేపటికి గడప ఇవతలే కూలబడ్డాను. కూర్చున్నాక చూస్తే ఎదురుగా పాచిపని మిగిలి ఉంది. లేచి చీపురు అందుకున్నాను.

బడి గంట కొట్టిన చాలాసేపటికి అత్తయ్య వచ్చారు. మొహం ఎర్రగా కందిపోయింది. చెప్పుల్లేవు, పాదాల నిండా సిమెంటు దుమ్ము. పాలు అయిపోయాయేమోనని కొట్టు దాకా వెళ్ళొచ్చా అన్నారు. చేతిలో పాలు లేవు. నేను చూసిన చూపు ఆవిడ చూశారు.

అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు సగం తాగి, సగం పాదాల మీద పోసుకున్నారు.

"లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూళ్ళేదు. బెంచీ మీద నిలబడి వాళ్ళందరిచేతా పాడిస్తోంది."

"టీచరు ఏమనలేదా?"

"ఆవిడ కూడా పాడుతోంది."

అత్తయ్య గుమ్మం పక్కనున్న సంచి వైపు ఒకసారి చూసి, గౌన్లు తీసి బీరువాలో పెట్టెయ్యమన్నారు, మధ్యాహ్నం బస్సుకి తను ఒక్కరే వెళ్తానన్నారు. నేను సంచి లోపలికి తీసుకెళ్తుంటే వెనకనుంచి పిలిచారు.

"అమ్మాయ్. ఆ గోడ దగ్గర వీసమెత్తు నీడ లేదు. అన్నాళ్ళు ఎట్టా నించున్నావే?"